డీవీడీ ఖాళీ చేసిన అర

బల్ల కింద ఉండే కంప్యూటర్ డబ్బాను మనలో చాలామంది సీపీయూ అనే పిలుస్తాం. దాని ముఖాన, పైభాగంలో ఒక వెడల్పాటి మూత ఉంటుంది. మీట నొక్కితే డీవీడీ పళ్లెం బయటికి వచ్చేది అక్కడి నుంచే. ఇప్పుడు ఆ పళ్లెం నెలల తరబడి బయటికి రావడం లేదు. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ అన్నీ నెట్‌లోనే వచ్చేస్తున్నాయి. అదే డబ్బాలో ఉన్న హార్డ్ డిస్క్ మాత్రం పెళ్లి వీడియోలతో, పిల్లల ఫొటోలతో, ఆఫీసు ఫైళ్లతో నిండిపోయి, ఇక చోటు లేదని ఎర్రగీత చూపిస్తూ ఉంటుంది. హార్డ్ డిస్కుల కోసం కేటాయించిన అరలు అయిపోయినప్పుడు, లేదా తయారీదారు అసలు ఒక్క అరే ఇచ్చినప్పుడు, చూపు ఆ డీవీడీ అర మీదికి వెళ్లడం సహజం.

డీవీడీ డ్రైవ్ తీసేసి అక్కడ హార్డ్ డిస్క్ బిగించడం ఓ గంటలో అయిపోయే పని. స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే చాలు, ఎవరైనా చేసుకోవచ్చు. అయినా దీనికి ఒక అధ్యాయం కేటాయించడానికి కారణం ఉంది. హార్డ్ డిస్క్ అనేది దాని అల్యూమినియం పెట్టెతో ఆగిపోయే యంత్రం కాదు. దాన్ని దేనికి బిగించాం, ఎంత గట్టిగా బిగించాం, దాని చుట్టూ గాలి ఆడుతోందా, కరెంటు ఏ తీగ ద్వారా వస్తోంది అన్నవన్నీ దాని పనితీరులో భాగాలైపోతాయి. బిగించిన మరుక్షణం నుంచి దాన్ని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు కూడా డిస్కులో భాగమే.

ముందు ఆ అర సంగతి. దాని వెడల్పు 146 మిల్లీమీటర్లు, ఎత్తు 41 మిల్లీమీటర్ల పైచిలుకు. పేరుకు ఐదుంపావు అంగుళాల అర. కానీ టేపు పెట్టి కొలిస్తే ఐదుంపావు ఎక్కడా తేలదు, వెడల్పు ఐదు ముప్పావు వస్తుంది. ఎందుకంటే ఆ అంకె అరది కాదు, ఒకప్పుడు అక్కడ తిరిగిన ఫ్లాపీది. 1976లో అమెరికాలోని షుగార్ట్ అసోసియేట్స్ కంపెనీ ఎస్‌ఏ-400 అనే ఫ్లాపీ డ్రైవ్‌ను విడుదల చేసింది. అందులో పెట్టే ఫ్లాపీ ఐదుంపావు అంగుళాల చదరం, అందులో పట్టే సమాచారం సుమారు 110 కిలోబైట్లు. ఆ ఫ్లాపీని మింగే డ్రైవ్ వెడల్పే నేటి అర వెడల్పు. ఎత్తు మాత్రం అప్పట్లో దీనికి రెట్టింపు ఉండేది. 1980లలో దాన్ని సగానికి కోశారు, ఆ సగమే నిలిచింది. 1982లో ఫిలిప్స్, సోనీ కలిసి తెచ్చిన సీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లు. దాన్ని మోసే పళ్లెం, మోటారు, లేజర్ అన్నీ కలిపినా 146 మిల్లీమీటర్లలో ఇమిడిపోయాయి కాబట్టి సీడీ డ్రైవ్, దాని తర్వాత డీవీడీ డ్రైవ్ ఆ అరలోకే వచ్చాయి. ఫ్లాపీ పోయింది, సీడీ పోయింది, డీవీడీ పోతోంది. వెడల్పు మాత్రం 1976 నాటిదే.

హార్డ్ డిస్క్ ఈ అరకు కొత్త కాదు. షుగార్ట్ అసోసియేట్స్‌ను స్థాపించి, కొన్నాళ్లకే అందులోంచి బయటికి వచ్చేసిన అలన్ షుగార్ట్, 1979లో మరికొందరితో కలిసి ఇంకో కంపెనీ పెట్టాడు. అదే నేటి సీగేట్. మరుసటి ఏడాది వాళ్లు తెచ్చిన ఎస్‌టీ-506 హార్డ్ డిస్క్ సామర్థ్యం 5 మెగాబైట్లు. దాన్ని సరిగ్గా ఐదుంపావు ఫ్లాపీ డ్రైవ్ పట్టే చోట పట్టేలా తయారుచేశారు. 1983లో ఐబీఎం తన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కును పెట్టింది కూడా ఈ వెడల్పు అరలోనే. అదే ఏడాది స్కాట్లాండ్‌కు చెందిన రోడైమ్ కంపెనీ మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కును చేసి చూపించింది. అక్కడి నుంచి డిస్కులు చిన్న అరలకు మారిపోయాయి.

ఎందుకు మారాయి? చోటు ఆదా ఒక కారణం మాత్రమే. పెద్ద పళ్లేన్ని వేగంగా తిప్పితే దాని అంచు అల్లాడుతుంది. పళ్లెం చిన్నదైతే బిగువుగా ఉంటుంది, ఎక్కువ వేగం తట్టుకుంటుంది, తిప్పడానికి కరెంటూ తక్కువ పడుతుంది. 1996లో క్వాంటమ్ కంపెనీ బిగ్‌ఫుట్ అనే పేరుతో మళ్లీ ఐదుంపావు అంగుళాల డిస్కును తెచ్చింది. పెద్ద పళ్లెం మీద ఎక్కువ సమాచారం చవగ్గా పడుతుందన్నది వాళ్ల లెక్క. లెక్క సరైనదే, కానీ ఆ పళ్లేన్ని నిమిషానికి 3,600 చుట్లే తిప్పగలిగారు. కాస్త తర్వాత వచ్చిన నమూనాలూ 4,000 దగ్గరే ఆగాయి. అప్పటికే చిన్న డిస్కులు 5,400, 7,200 తిరుగుతున్నాయి. బిగ్‌ఫుట్ కొద్ది ఏళ్లలోనే కనుమరుగైంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న మూడున్నర అంగుళాల డిస్కు వెడల్పు 101.6 మిల్లీమీటర్లు. అరలో పెడితే అటూ ఇటూ కలిపి 44 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. అంటే ఒక్కో పక్క రెండు సెంటీమీటర్ల పైమాట. ఆ ఖాళీని పూడ్చడానికి బ్రాకెట్ కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి కంప్యూటర్ బజారులో అడిగితే రెండు రకాలు చూపిస్తారు: ఇనప రేకుతో చేసినవి, ప్లాస్టిక్‌వి. నేను ఇనప రేకుదే తీసుకోమంటాను. కారణాలు ముందు ముందు వస్తాయి.

స్క్రూల దగ్గర ఒక జాగ్రత్త. హార్డ్ డిస్కుకు పట్టే స్క్రూ, డీవీడీ డ్రైవ్‌కు పట్టే స్క్రూ ఒకటి కాదు. మూడున్నర అంగుళాల డిస్కు మరలు అంగుళాల లెక్కలో చేసినవి, కాస్త దూరం దూరంగా ఉంటాయి. డీవీడీ డ్రైవ్ స్క్రూ 3 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూ, దాని మర సన్నం. డీవీడీ నుంచి ఊడదీసిన స్క్రూలు చేతిలోనే ఉన్నాయి కదా అని వాటినే డిస్కుకు ఎక్కిస్తే సన్నవి కాబట్టి వదులుగా కదులుతాయి, పట్టవు. డిస్కు స్క్రూను మెట్రిక్ రంధ్రంలో బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. బ్రాకెట్‌ను అరకు బిగించే చోట సాధారణంగా మెట్రిక్ స్క్రూ, డిస్కును బ్రాకెట్‌కు బిగించే చోట అంగుళాల స్క్రూ పడతాయి. నాలుగు తిప్పుళ్లు వేళ్లతోనే సాఫీగా వెళ్తే అది సరైన స్క్రూ. స్క్రూ పొడుగు కూడా చూసుకోవాలి. బ్రాకెట్‌తో పాటు వచ్చిన పొట్టి స్క్రూలే వాడండి. పొడవైనది లోపలి భాగాలను తాకే ప్రమాదం ఉంది.

ఇంత చిన్న సంగతి మీద ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే డిస్కు మూత కింద ఏం జరుగుతోందో ఊహించుకోవాలి. పళ్లెం వ్యాసం సుమారు 95 మిల్లీమీటర్లు. నిమిషానికి 7,200 చుట్లంటే సెకనుకు 120. లెక్క కడితే పళ్లెం అంచు గంటకు 125 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతోందన్నమాట. ఆ పరుగుకు పుట్టే పలుచని గాలి పొర మీద, రాసి చదివే హెడ్ తేలుతూ ఉంటుంది. పళ్లేనికీ హెడ్‌కూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటర్. పళ్లెం మీద సమాచారం వలయాలుగా, ట్రాకులుగా రాసి ఉంటుంది. నేటి పెద్ద డిస్కుల్లో ఒక్క అంగుళం మేరలో ఇలాంటి ట్రాకులు కొన్ని లక్షలు. అంటే పక్కపక్క ట్రాకుల మధ్య దూరం వంద నానోమీటర్ల లోపే. తిరుగుతున్న పళ్లెం మీద, చేయి చివర ఉన్న హెడ్, అంత సన్నని దారి మధ్యలోంచి పక్కకు జరగకుండా నడవాలి. ఇళ్లలో కొన్ని వేల రూపాయలకు దొరికే వస్తువుల్లో ఇంతకన్నా సూక్ష్మంగా కదిలే యంత్రం నాకు మరొకటి తెలియదు.

హెడ్ దారి తప్పకుండా ఉండటానికి ప్రతి ట్రాకులోనూ వందల చోట్ల గుర్తులు ముందే రాసి ఉంటాయి. హెడ్ వాటిని చదివి, తాను ఎంత పక్కకు జరిగిందో తెలుసుకుంటుంది. వెంటనే చేయి మొదట్లో ఉన్న తీగచుట్టలో కరెంటు మారుతుంది, బలమైన అయస్కాంతాల మధ్య ఆ చుట్ట కదిలి, చేతిని సరిచేస్తుంది. ఇది నిరంతరం సాగే దిద్దుబాటు. దిద్దుబాటు వేగానికి ఒక హద్దు ఉంది. డబ్బా కదలిక ఆ హద్దు లోపల ఉంటే హెడ్ సర్దుకుంటుంది. దాటితే రాత ఆగిపోతుంది. పక్క ట్రాకు చెడిపోకూడదు కాబట్టి డిస్కు రాయడం మాని, పళ్లెం మరో చుట్టు తిరిగే దాకా వేచి చూస్తుంది. ఆ ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కంప్యూటర్ లెక్కలో అది చాలా కాలం. ఇలా పదే పదే జరిగితే డిస్కు పాడవకుండానే నెమ్మదిస్తుంది. కారణం మాత్రం ఎక్కడా కనిపించదు.

2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ ఒక వీడియోలో దీన్ని కళ్లకు కట్టాడు. సర్వర్ల గదిలో వరసగా పేర్చిన డిస్కుల ఎదుట నిలబడి గట్టిగా కేక పెట్టాడు. అదే క్షణంలో డిస్కులు స్పందించడానికి పట్టే సమయం గ్రాఫులో ఎగిసిపడింది. మనిషి గొంతు గాలిలో కలిగించే ఒత్తిడి చాలు, హెడ్లు దారి తప్పడానికి.

అన్ని కదలికలూ ఒకేలా బాధించవు. హెడ్‌ను మోసే చేయి ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది, దాని బరువును ఆ ఇరుసుకు అటూ ఇటూ సమంగా తూచి చేస్తారు. అందుకే డిస్కు మొత్తం ఒక్కసారిగా ముందుకో పక్కకో జరిగితే చేయి కూడా దానితోనే జరుగుతుంది, పెద్ద నష్టం లేదు. డిస్కు పెట్టె తన చదునులోనే మెలిక తిరిగితేనే ముప్పు. పెట్టె తిరుగుతుంది, చేయి ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, హెడ్ ట్రాకు నుంచి జారుతుంది. ఆ మెలికను పుట్టించేది చాలాసార్లు డిస్కే. చేయి ఒక ట్రాకు నుంచి మరో ట్రాకుకు దూకిన ప్రతిసారీ న్యూటన్ మూడో సూత్రం ప్రకారం పెట్టె ఎదురు దిశలో మెలిక తిరుగుతుంది. సమతలంగా లేని నేల మీద పెట్టిన వాషింగ్ మెషీన్ స్పిన్ మొదలుకాగానే మూల నుంచి కదిలి వచ్చేస్తుంది చూడండి, వదులుగా బిగించిన డిస్కులో జరిగేదీ అదే. నాలుగు స్క్రూలూ గట్టిగా ఉంటే ఆ ఎదురుదెబ్బ కొన్ని కిలోల ఇనప డబ్బా మొత్తానికి పంచుకుపోతుంది. రెండే స్క్రూలు, అదీ ఒకే పక్క బిగిస్తే డిస్కు రెండో కొస ఊగుతుంది. అరలో డిస్కును ఊరికే పడుకోబెట్టి కేబుళ్లు తగిలించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అందులో కుటుంబం జ్ఞాపకాలు ఉంటాయి.

రబ్బరు వాషర్లు వేసిన బ్రాకెట్లు కూడా దొరుకుతాయి. వాటి వల్ల డబ్బాకు చేరే గుంయ్‌మనే మోత తగ్గుతుంది. కానీ రబ్బరు మరీ మెత్తనైతే పైన చెప్పిన మెలికకు వీలిచ్చినట్టే. మోత భరించలేనంతగా ఉంటే గట్టి రబ్బరుది వాడండి, లేకపోతే ఇనుముకు ఇనుమే మేలు. డబ్బాలో పాత డిస్కు, కొత్త డిస్కు రెండూ 7,200 వేగానివే అయితే మరో విశేషం వినిపిస్తుంది. రెండూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగవు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల మోత పెరుగుతూ తగ్గుతూ, అలలు అలలుగా వస్తుంది. భౌతికశాస్త్రం పాఠంలో విస్పందనాలని చదువుకున్నది ఇదే. జబ్బు కాదు, కానీ మరీ గట్టిగా వినిపిస్తే ఏదో స్క్రూ వదులైందని అర్థం. పాత డిస్కు కింది అరలో, కొత్తది పై అరలో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఒకే చట్రంలో పక్కపక్కనే ఉంటే ఒకదాని ఊపు రెండోదానికి సులువుగా పాకుతుంది.

కరెంటు విషయానికి వద్దాం. డబ్బాలోని భాగాలకు కరెంటు అందించే పెట్టె ఎస్‌ఎంపీఎస్. దాని నుంచి వచ్చే తీగల్లో పసుపుది 12 వోల్టులు, ఎరుపుది 5 వోల్టులు, నలుపువి తిరుగుదారి. మూడున్నర అంగుళాల డిస్కులో మోటారు 12 వోల్టుల మీద, ఎలక్ట్రానిక్స్ 5 వోల్టుల మీద నడుస్తాయి. ఆగి ఉన్న పళ్లేలను కదిలించి పూర్తి వేగానికి తేవడానికి కొన్ని సెకన్ల పాటు 12 వోల్టుల తీగలో దాదాపు 2 ఆంపియర్లు ప్రవహిస్తాయి, అంటే 24 వాట్లు. తర్వాత నడకకు ఆరేడు వాట్లు చాలు. మామూలు ఎస్‌ఎంపీఎస్‌కు ఇది బరువు కాదు. అసలు బలహీనత కనెక్టర్‌లో ఉంటుంది. డీవీడీ డ్రైవ్ సాటా అనే కనెక్టర్ రకానిదైతే దాని 15 పిన్నుల పవర్ కేబుల్, 7 పిన్నుల డేటా కేబుల్ రెండూ నేరుగా హార్డ్ డిస్కుకు సరిపోతాయి, ఇంకేమీ కొననక్కర్లేదు. పాత నాలుగు పిన్నుల ప్లగ్గే ఉంటే దాన్ని సాటాకు మార్చే అడాప్టర్ కావాలి. వీటిలో ఒక రకం ప్రమాదకరం. తీగలను అమర్చి, చుట్టూ ప్లాస్టిక్ పోతపోసి చేసినవి ఉంటాయి. పోత పోసేటప్పుడు సన్నని తీగపోగులు పక్కకు జరిగితే 12 వోల్టుల తీగ, నలుపు తీగ దగ్గరపడి, కొంతకాలానికి కరిగి కాలిపోతాయి. తీగలు ఒక్కొక్కటీ విడివిడిగా గుచ్చి, వెనక మూత పెట్టి నొక్కిన రకం తీసుకోండి. ధర తేడా కొద్ది రూపాయలే, ఇక్కడ పొదుపు చేయకండి.

సన్నని కార్యాలయపు డెస్క్‌టాప్‌లలో కథ వేరు. వాటిలో ల్యాప్‌టాప్‌లలో ఉండే పలుచని డీవీడీ డ్రైవ్ ఉంటుంది, మందం 12.7 లేదా 9.5 మిల్లీమీటర్లు. అక్కడ మూడున్నర అంగుళాల డిస్కు పట్టదు. పట్టినా నడవదు, ఎందుకంటే ఆ డ్రైవ్‌కు వెళ్లే ఆరు పిన్నుల పవర్ ప్లగ్గులో 5 వోల్టులే ఉంటాయి, 12 వోల్టుల తీగ ఉండదు. క్యాడీ అనే పలుచని పళ్లెంలాంటి తొడుగులో రెండున్నర అంగుళాల డిస్కునో, ఎస్‌ఎస్‌డీనో అమర్చి తోయాలి. అవి 5 వోల్టులతోనే నడుస్తాయి. క్యాడీ కొనేముందు పాత డ్రైవ్ మందం కొలుచుకోవడం తప్పనిసరి.

డబ్బా మూత తీసే ముందు గోడ ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. డబ్బా ఇనప రేకును చేత్తో తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు వెళ్లిపోతుంది. రేకు అంచులకు చెయ్యి కోసుకుంటుంది, నిదానంగా పనిచేయండి. డిస్కును అడ్డంగానైనా, నిలువుగానైనా, పక్కవాటంగానైనా పెట్టవచ్చు, తయారీదారులు అన్నిటికీ అనుమతిస్తారు. డిస్కు పై మూత మీద చిన్న రంధ్రం, దాన్ని మూయకూడదనే హెచ్చరిక కనిపిస్తే దాని మీద స్టిక్కరు వేయకండి. లోపలి గాలి పీడనం బయటి దానితో సమంగా ఉండేది ఆ రంధ్రం ద్వారానే. హెడ్ తేలేది ఆ గాలి మీదే కదా. హీలియం నింపి సీలు వేసిన పెద్ద డిస్కులకు ఆ రంధ్రం ఉండదు.

ఇక వేడి. డబ్బాల్లో ముందు ఫ్యాను సాధారణంగా కింది డిస్కు అరలకు ఎదురుగా ఉంటుంది, గాలి వాటి మీదుగా వెళ్తుంది. డీవీడీ అర ముందు మాత్రం మూసిన ప్లాస్టిక్ ముఖమే. పైగా అది డబ్బా పైభాగం, లోపలి వేడిగాలి చేరేదీ అక్కడికే. డీవీడీ డ్రైవ్ ఎప్పుడో కాసేపు తిరిగేది కాబట్టి గాలి లేకపోయినా చెల్లింది. హార్డ్ డిస్క్ రోజంతా తిరుగుతుంది. చాలా డిస్కులకు తయారీదారు చెప్పే పై హద్దు 60 డిగ్రీల సెల్సియస్. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో ఏసీ లేని గదిలో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ హద్దుకు దూరం ఎంతో మిగలదు. ఇనప బ్రాకెట్ మంచిదనడానికి ఇదో కారణం. డిస్కు పక్కల నుంచి వేడిని డబ్బా రేకుకు చేరవేస్తుంది, ప్లాస్టిక్ ఆ పని చేయదు. డీవీడీ మూత స్థానంలో జాలీ ఉన్న మూత పెట్టగలిగితే ఇంకా మేలు.

వేడి గురించి అతిగా భయపడాల్సిన పనీ లేదు. 2007లో గూగుల్ పరిశోధకులు తమ కేంద్రాల్లోని లక్షకు పైగా డిస్కుల రికార్డులను పరిశీలించారు. ఓ మోస్తరు వేడికీ డిస్కులు చెడిపోవడానికీ అనుకున్నంత గట్టి సంబంధం కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, అదీ వయసు మళ్లిన డిస్కుల్లోనే నష్టం స్పష్టంగా తేలింది. కాబట్టి 40 డిగ్రీలు చూసి కంగారు వద్దు, 55 దాటితే మాత్రం ఏదో ఒకటి చేయాలి.

మూత బిగించి ఆన్ చేశాక విండోస్‌లో కొత్త డిస్కు కనిపించకపోతే చాలామంది డిస్కు పాడైందనుకుంటారు. కొత్త డిస్కు ఖాళీ పళ్లెం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనిషియలైజ్ చేసి, ఫార్మాట్ చేసి, డ్రైవ్ అక్షరం ఇస్తేనే కనిపిస్తుంది. అక్కడ ఎంబీఆర్, జీపీటీ అని రెండు పద్ధతులు అడుగుతుంది. ఎంబీఆర్‌లో సెక్టార్ల లెక్కకు 32 బిట్లే ఉన్నాయి. ఒక్కో సెక్టార్‌కు 512 బైట్ల చొప్పున అది సుమారు 2.2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. 4 టెరాబైట్ల డిస్కు కొని ఎంబీఆర్ ఎంచుకుంటే దాదాపు సగం డిస్కు అందుబాటులో లేకుండా పోతుంది. జీపీటీయే ఎంచుకోండి. 1 టెరాబైట్ డిస్కు 931 జీబీగా కనిపిస్తే మోసం జరగలేదు. తయారీదారు వెయ్యి లెక్కన, విండోస్ 1,024 లెక్కన లెక్కిస్తాయి, అంతే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనూ జాడ లేకపోతే బయాస్‌లో ఆ సాటా పోర్టు ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రెండో డిస్కును బ్యాకప్ అనుకోకండి. పాత డిస్కు ఒక్కటే చెడిపోతే ఇది కాపాడుతుంది. పిడుగు పడి ఎస్‌ఎంపీఎస్ కాలితే, వైరస్ సోకితే, డబ్బాను దొంగ ఎత్తుకుపోతే రెండూ కలిసే పోతాయి. పోతే తిరిగిరాని ఫొటోలకు డబ్బా బయట, వీలైతే వేరే ఇంట్లో మరో ప్రతి ఉండాలి.

మొదటి నెల రోజులు, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ రీడింగులను చూపించే ఉచిత ప్రోగ్రాం ఏదైనా పెట్టుకుని గమనించండి. 194వ నంబరు ఉష్ణోగ్రత. 5వ నంబరు పాడై పక్కన పెట్టిన సెక్టార్లది, ఇది పెరుగుతూ పోతే డిస్కు మీద ఆశ వదులుకుని వెంటనే ఫైళ్లు వేరేచోటికి మార్చేయాలి. 199వ నంబరు దారిలో చెడిపోయిన సమాచారాన్ని లెక్కపెడుతుంది. అది పెరుగుతూ, 5వది కదలకుండా ఉంటే చాలావరకు తప్పు డిస్కుది కాదు, కేబుల్‌ది. డీవీడీ కోసం వేసిన పాత డేటా కేబుల్ మడత పడి ఉండవచ్చు, ప్లగ్గు వదులై ఉండవచ్చు. డిస్కును దుకాణానికి తీసుకెళ్లే ముందు ఆ కేబుల్ మార్చి, రెండు కొసలా టక్కుమనే దాకా నొక్కి, అంకె ఆగిందో లేదో ఒక వారం చూడండి.